జిల్లా పేజీ నుంచి మొదలుపెట్టి పేపర్ చదవడం ఎలా

నేను రిపోర్టింగ్ మానేసి చాలాకాలమైంది గానీ తెలిసినవాళ్ళు ఇప్పటికీ అడిగేది ఒకటే, అన్నా ఏ పేపర్ని నమ్మొచ్చు అని. ఒక్క పేపర్ని పట్టుకుని నమ్మడం వద్దండీ, వార్తని విప్పి చూడటం వస్తే ఏ పేపరైనా పనికొస్తుంది, అది ఎలాగో నాకు తెలిసినంతలో చెప్తాను.

ముందు మెయిన్, అంటే రాష్ట్రమంతటికీ వచ్చే పేజీలు, పక్కనపెట్టి జిల్లా పేజీ తియ్యండి. మొదటి పేజీలో సగం నాయకులు ఒకళ్ళనొకళ్ళు అనుకున్న మాటలే ఉంటాయి, అవి చదివినా చదవకపోయినా మన ఇంట్లో ఏం మారదు. మన కాలువ, మన పీహెచ్‌సీ, ధాన్యం డబ్బులు ఎప్పుడు పడతాయి, ఇవన్నీ లోపల ఉంటాయి. అయితే ఆ వార్తలు పంపేది మండలంలో ఉండే కంట్రిబ్యూటర్, అంటే ఊళ్ళనుంచి వార్తలు రాసే విలేకరి, చాలామందికి జీతం ఉండదు, లైన్ అకౌంట్ కింద, అంటే అచ్చయిన వార్తల లెక్కన, వచ్చేది పెట్రోలుకి కూడా చాలదు, పైగా యాడ్స్ తెమ్మని పైనుంచి ఒత్తిడి, ఆ యాడ్ ఇచ్చేదేమో అదే ఊళ్ళో నాయకుడో కాంట్రాక్టరో ప్రైవేటు స్కూలు ఓనరో. కాబట్టి ఎమ్మెల్యే పుట్టినరోజుకి పెద్ద యాడ్ వేసినవాళ్ళ పేర్లు గుర్తుపెట్టుకోండి, తర్వాత వాళ్ళ పనుల మీద ఏం రాశారో అసలు ఏం రాయలేదో గమనించండి. ఆ కంట్రిబ్యూటర్ కుర్రాళ్ళని తప్పుపట్టడానికి కాదు ఇది చెప్పేది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన సంగతి 1992లో ఊరూరా పాకిందన్నా, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చిందన్నా, అందులో ఊళ్ళనుంచి వార్తలు పంపినవాళ్ళ కష్టం కూడా ఉంది.

రెండోది, రాజకీయ వార్త ఏదైనా రెండు పేపర్లలో చదవండి. సాక్షిని 2008లో జగన్ కుటుంబం పెట్టింది, ఈనాడు 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టినప్పుడు గట్టిగా వెనక నిలబడింది, తెలంగాణలో నమస్తే తెలంగాణ ఎవరి వైపో ఎవరినడిగినా చెప్తారు. ఇది తెలిసి చదివితే గొడవే లేదు. రెండింట్లోనూ ఒకేలా ఉన్న తేదీ, జీవో నంబరు, రూపాయలు, వాటిని తీసుకోండి, ఒకదాంట్లోనే ఉన్నదాన్ని కాగితం కనపడేదాకా పక్కన పెట్టండి. ఒక పేపర్లో పెద్దగా వచ్చి రెండోదాంట్లో అసలు లేకపోతే అది ఎవరికి ఇబ్బందో అక్కడే అర్థమైపోతుంది. విశ్వసనీయ వర్గాల సమాచారం అని ఉంటే ఎవరో కావాలని లీక్ చేశారన్నమాట, దాంతో లాభపడేది ఎవరా అని ఒక్క నిమిషం ఆలోచించండి. ఎన్నికల టైంలో ఇంకా జాగ్రత్త. 2009 ఎన్నికల తర్వాత ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల కమిటీ 2010లో పెయిడ్ న్యూస్, అంటే డబ్బు తీసుకుని వార్తలా వేయడం, దాని మీద రిపోర్ట్ ఇచ్చింది, ఆ ఇద్దరిలో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె.శ్రీనివాస్ రెడ్డి గారు. ఒకే పేపర్లో ఒకే సీటుకి ఇద్దరు ప్రత్యర్థులూ గెలిచేస్తున్నట్టు, రిపోర్టర్ పేరు లేకుండా వచ్చిందంటే అది డబ్బులిచ్చి వేయించుకున్నదేమో అని అనుమానించాల్సిందే.

ఇక అసలైంది డబ్బు. మీ ఊరి రోడ్డుకి రెండు కోట్లు అని హెడ్డింగ్ ఉందనుకోండి, ఆ రెండు కోట్లు ఇప్పుడు ఎక్కడున్నాయి అనేదే మీరు వేయాల్సిన ప్రశ్న. సభలో మంత్రిగారు మాటిచ్చారా, పరిపాలనా అనుమతి ఇస్తూ జీవో వచ్చిందా, టెండర్ పిలిచారా, కాంట్రాక్టర్‌తో అగ్రిమెంట్ అయిందా, పని జరిగి బిల్లు పడిందా, ఇవన్నీ వేర్వేరు మెట్లు, ఒక్కోదానికీ మధ్య ఏళ్ళు గడిచిపోవచ్చు, పేపర్లో మాత్రం అదే రోడ్డు మాటిచ్చినప్పుడు ఒకసారి, జీవోకి ఒకసారి, శంకుస్థాపనకి ఒకసారి కొత్త వార్తలాగే వస్తుంది, జనం మూడు రోడ్లనుకుంటారు. అందుకే ఒక నోట్‌బుక్ పెట్టి మీ ఊరికి సంబంధించిన ప్రకటనలు తేదీతో సహా రాసుకోండి, ఇది నేను మరీమరీ చెప్తాను, ఎందుకంటే పేపర్ వాళ్ళకి ఫాలో అప్ చేసే తీరిక దొరకదు, రోజూ పేజీ నింపాలి కదా. బడ్జెట్ వార్తలదీ ఇదే దారి, ఈ ఏడాది కేటాయింపు చూసి సంబరపడకుండా అదే బడ్జెట్ పుస్తకంలో రెండేళ్ళ కిందటి వాస్తవ ఖర్చు కాలమ్ చూడండి, అప్పట్లో ఎంత కేటాయించారో దాంతో పోలిస్తే తెలిసిపోతుంది.

వాట్సాప్‌లో వచ్చే పేపర్ కటింగ్ గురించి ఒక్కమాట, పంపే ముందు ఆ తేదీ ఈ-పేపర్ తీసి ఆ జిల్లా ఎడిషన్‌లో ఉందో లేదో చూడండి, లేకపోతే పంపొద్దు.

నోట్‌బుక్‌లో రాసుకున్న పని ఏదైనా ముందుకి కదలకపోతే ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు, పెట్టండి, 2005 నుంచి ఉన్న హక్కు అది. మన దగ్గర గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10, తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు. రోడ్డు ఎందుకు వేయలేదు అని రాస్తే జవాబు సరిగా రాదు, కాగితాలు అడగాలి: ఎస్టిమేట్ కాపీ, అగ్రిమెంట్ కాపీ, ఎం-బుక్ కాపీ. ఎం-బుక్ అంటే ఇంజనీర్ పని కొలిచి రాసే పుస్తకం, బిల్లు దాన్ని బట్టే పాస్ అవుతుంది, కాబట్టి అందులో రాసిన పొడవూ మందమూ తీసుకెళ్ళి రోడ్డు మీద టేపు పెట్టి కొలుచుకోవచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు పెట్టండి, దానికి ఫీజు లేదు. కాగితాలు చేతికొచ్చాక మీ మండలం కంట్రిబ్యూటర్‌కి ఒక సెట్ జిరాక్స్ ఇవ్వండి, ఆధారం ఉంటే అతనూ ధైర్యంగా రాస్తాడు.