గ్రో లైటు కొనేముందు అసలు వాట్లు చూడండి

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో చాలా బాల్కనీలకు ఎండ సరిగా పడదు. మెంతికూర, పుదీనా ఇంట్లోనే పెంచుదామని మొదటిసారి ఎల్‌ఈడీ గ్రో లైటు (మొక్కలకు ఎండకు బదులు వెలుగిచ్చే దీపం) కొంటున్నారా? పెట్టెపై పెద్దగా '1000 వాట్లు' అని ఉన్నా అది వాడుకునే కరెంటు 100 వాట్లే కావచ్చు. వెనకవైపు చీటీలో చిన్న అక్షరాల్లో ఉండే అసలు వాట్లనే లెక్కలోకి తీసుకోండి. నగరంలో ఎలక్ట్రానిక్ సామాన్ల బజారైన ఎస్‌పీ రోడ్డులో కొంటే దుకాణంలోనే వెలిగించి చూపమనండి. ఊదారంగు వెలుగు కన్నా తెల్లనిదే మేలు: ఆకు పసుపెక్కినా, పురుగు పట్టినా ఇట్టే కనిపెట్టవచ్చు, కళ్లకూ హాయి. ఆకుకూరలకు అడుగు ఎత్తున వేలాడదీసి, రోజుకు 12 నుంచి 14 గంటలు వెలిగేలా టైమర్ పెట్టండి. మొలకలు సన్నగా సాగి వాలిపోతుంటే లైటు కాస్త దించండి. పై ఆకులు తెల్లబారితే పైకి కట్టండి.