ఇల్లు లేని కుటుంబాలకు ఇల్లు కట్టే పనిలో వాలంటీర్‌గా చేరాలంటే: హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ దరఖాస్తు విధానం

హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థ ఇళ్లు కట్టే సైటులో పని చేయడానికి ఇల్లు కట్టడం వచ్చి ఉండనక్కర్లేదు. సుత్తి పట్టుకోవడం తెలియనివాళ్లను కూడా తీసుకుంటారు, పని అక్కడే నేర్పిస్తారు. ఈ సంగతి తెలియకే చాలామంది "మనవల్ల ఏమవుతుందిలే" అనుకుని దరఖాస్తు దాకా రారు. వయసు సరిపోవాలి, ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయాలి, ఒప్పుకున్న రోజున టైముకి రావాలి. అసలు అర్హతలు ఇవే.

ఈ సంస్థను 1976లో మిల్లార్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ దంపతులు అమెరికాలోని జార్జియా రాష్ట్రం, అమెరికస్ పట్టణంలో మొదలుపెట్టారు. ఇప్పుడు 60కి పైగా దేశాల్లో పని చేస్తోంది. దరఖాస్తుకు ముందు ఒక్క విషయం అర్థం చేసుకోవాలి: ఇక్కడ ఇళ్లను ఊరికే పంచిపెట్టరు. అమెరికాలో అయితే కుటుంబం తన ఆదాయానికి అందే వాయిదాల్లో ఇంటి అప్పు తీరుస్తుంది, ఆ డబ్బు మళ్లీ ఇంకొకరి ఇంటికి ఉపయోగపడుతుంది. అంతేకాదు, ఆ కుటుంబం కూడా నిర్ణయించిన గంటల మేరకు పనిలో పాల్గొనాలి. అంటే మీరు గోడ నిలబెడుతుంటే మీ పక్కన రెండో చివర పట్టుకున్న మనిషి రేపు ఆ ఇంట్లో ఉండబోయే మనిషే కావచ్చు. వాళ్లను జాలిగా చూడకండి, తోటి పనివాళ్లుగా చూడండి. ఏ ఫారంలోనూ ఈ ప్రశ్న ఉండదు కానీ నా దృష్టిలో మొదటి అర్హత ఇదే.

ముందు ఏ పనికో తేల్చుకోండి

ఎక్కువమంది వెళ్లేది దగ్గరలోని శాఖలో ఒక్క రోజు షిఫ్టుకి. సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లో మీ ప్రాంతం పేరో పిన్‌కోడో కొడితే దగ్గరి శాఖ ఏదో చూపిస్తుంది. ప్రతి శాఖకూ సొంత క్యాలెండర్, సొంత నిబంధనలు ఉంటాయి, కాబట్టి ఇంకో ఊళ్లో ఉన్న స్నేహితుడు చెప్పిన పద్ధతి మీ దగ్గర పని చేయకపోవచ్చు. మీ శాఖ పేజీలో ఉన్నదే లెక్క. శనివారం షిఫ్టులు తొందరగా నిండిపోతాయి. సెలవు పెట్టుకునే వీలుంటే వారం మధ్యలో వెళ్లండి. మనుషులు తక్కువయ్యేది అప్పుడే.

ఎండలో నిలబడలేనివాళ్లకు, బరువులు ఎత్తలేనివాళ్లకు వేరే పనులున్నాయి. ఈ సంస్థ నడిపే రీస్టోర్ అనే దుకాణాల్లో విరాళంగా వచ్చిన తలుపులు, సింకులు, ఫర్నిచర్, మిగిలిపోయిన సామగ్రి అమ్ముతారు, వచ్చిన డబ్బు ఇళ్లకు వెళ్తుంది. అక్కడ సరుకు సర్దడానికీ కౌంటర్ దగ్గర నిలబడటానికీ మనుషులు కావాలి. ఆఫీసు పనులూ ఉంటాయి. ఇవి చిన్న పనులని అనుకోవద్దు. మేకులు కొనే డబ్బు ఎక్కడి నుంచో రావాలి కదా.

మూడోది గ్లోబల్ విలేజ్, అంటే బృందంగా వేరే దేశానికి వెళ్లి కట్టడం. సాధారణంగా వారం నుంచి రెండు వారాలు ఉంటుంది. దీని దరఖాస్తు వేరు. ఫారం పంపాక టీమ్ లీడర్ మాట్లాడతారు, ఆరోగ్యం గురించి అడుగుతారు, పాస్‌పోర్ట్ ఉండాలి. ఖర్చు వాలంటీరే పెట్టుకోవాలి. చాలామంది తెలిసినవాళ్ల దగ్గర విరాళాలు సేకరించి వెళ్తారు. ముందు దగ్గరి శాఖలో కొన్ని షిఫ్టులు చేశాకే దీనికి అప్లై చేయమని నా సలహా. పని అలవాటు లేకుండా అంత దూరం వెళ్తే మీకూ కష్టం, టీముకీ కష్టం.

ఫారం నింపేటప్పుడు

శాఖ పేజీలో అకౌంట్ తెరిచాక పేరు, ఫోన్, పుట్టిన తేదీ, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో అడుగుతారు. ఆ చివరి గడిలో సొంత నంబరే మళ్లీ రాసేవాళ్లున్నారు. దెబ్బ తగిలి పడిపోయిన మనిషి జేబులోని ఫోన్ మోగితే లాభమేంటి? ఇంట్లోవాళ్ల నంబర్ ఇవ్వండి.

నైపుణ్యాల గడి దగ్గర చాలామంది ఆగిపోతారు. ఏమీ రాకపోతే "రాదు" అనే రాయండి, దాని వల్ల దరఖాస్తు తిరస్కరించరు. వచ్చినదానికన్నా ఎక్కువ రాస్తేనే చిక్కు. వడ్రంగం వచ్చని రాసిన మనిషిని నమ్మి సూపర్‌వైజర్ ఆ రోజు పని పంచుతారు. కరెంటు పని, ప్లంబింగ్ లాంటివి లైసెన్స్ ఉన్నవాళ్లు చేస్తారు కాబట్టి వాటి గురించి టెన్షన్ పడనక్కర్లేదు. ఆరోగ్యం విషయంలోనూ అంతే. మోకాళ్ల నొప్పి, ఆస్తమా, ఎత్తంటే భయం ఏదున్నా చెప్పండి. నిచ్చెన ఎక్కలేనివాళ్లకు నేల మీద చేసే పని బోలెడు ఉంటుంది: రంగులు వేయడం, శుభ్రం చేయడం, కొలతలు పట్టడం.

వయసును అడ్డంకిగా చూడకండి. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1984 నుంచి ఈ సంస్థ సైటుల్లో పని చేశారు. 2019 అక్టోబరులో, 95 ఏళ్ల వయసులో, ఇంట్లో పడి కనుబొమ్మ పైన కుట్లు పడ్డాక కూడా నాష్‌విల్‌లో పనికి వచ్చారు. చిన్నవాళ్ల విషయంలో మాత్రం నియమాలు గట్టివి. అమెరికాలో నిర్మాణం జరుగుతున్న సైటులోకి సాధారణంగా 16 ఏళ్లు నిండితేనే రానిస్తారు. 18 నిండనివాళ్లకు కరెంటు పనిముట్లు, పైకప్పు పని, కూల్చే పని ఇవ్వరు. పిల్లల వయసు ఒక ఏడాది పెంచి రాయడం ఎంత మంచి మనసుతో చేసినా తప్పే. వేరే దేశాల్లో వయసు నియమాలు వేరుగా ఉండొచ్చు, మీ శాఖను అడగండి.

సంతకం పెట్టే కాగితం

పనిలో దెబ్బ తగిలే ప్రమాదం ఉందని తెలిసే వస్తున్నానని ఒప్పుకునే పత్రం ఒకటి ఉంటుంది. ఇది లేకుండా సైటులోకి అడుగు పెట్టనివ్వరు. చదవకుండా కిందికి జరిపి టిక్ పెట్టేయొద్దు. బీమా ఏ మేరకు ఉంది, మీ ఫోటోలు వాడుకోవడానికి అనుమతి ఇస్తున్నారా అన్నవి అందులోనే ఉంటాయి. ఆఫీసు నుంచో కాలేజీ నుంచో గుంపుగా వస్తే లీడర్ అందరి తరఫున సంతకం పెట్టడం కుదరదు, ఎవరిది వారే పెట్టాలి. మైనర్లకు తల్లిదండ్రులో గార్డియనో పెట్టాలి. గుంపుగా వచ్చి, ఒకరి పత్రం లేక ఆ ఒక్కరూ గేటు దగ్గర మిగిలిపోతే చాలా బాధగా ఉంటుంది. కాబట్టి లీడర్లు ముందు రోజే అందరివీ సరిచూసుకోవాలి. తరచూ వచ్చేవాళ్లకు, కుటుంబాలతో నేరుగా మాట్లాడే బాధ్యతలకు కొన్ని శాఖలు బ్యాక్‌గ్రౌండ్ చెక్ (పాత నేరాలేమైనా ఉన్నాయా అని చూసే విచారణ) కూడా అడుగుతాయి.

షిఫ్టు రోజు

కన్ఫర్మేషన్ మెయిల్‌లో చిరునామా, టైము ఉంటాయి. వేళ్లు పూర్తిగా కప్పే గట్టి బూట్లు తప్పనిసరి. వేలాడే బట్టలు, గొలుసులు వద్దు. హెల్మెట్, కళ్లద్దాలు, పనిముట్లు సాధారణంగా వాళ్లే ఇస్తారు. పొద్దున్నే జాగ్రత్తల గురించి చెప్తారు. ఆలస్యంగా వస్తే అది తప్పిపోతుంది, అది వినకుండా పని ఇవ్వరు.

పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. చెక్క ఫ్రేముతో కట్టే ఇంట్లో గోడను నేల మీదే పడుకోబెట్టి తయారు చేస్తారు. అడుగు చెక్క మీద 16 అంగుళాలకు ఒక పెన్సిల్ గీత, ఆ గీతకు ఒక పక్కన ఇంటూ గుర్తు ఉంటాయి. నిలువు చెక్క ఆ ఇంటూ మీదే కూర్చోవాలి. గీతకు అవతలి పక్క మేకు కొడితే చెక్క మందమంత తేడా వస్తుంది. గోడకు వేసే పలక 48 అంగుళాల వెడల్పు, అంటే సరిగ్గా మూడు పదహార్లు. చెక్క జరిగితే పలక అంచుకు మేకు దిగే చోటే ఉండదు. అనుమానం వస్తే కొట్టేముందే అడగండి. సూపర్‌వైజర్లు ఎన్నిసార్లయినా చెప్తారు. కొట్టిన మేకును పీకడం కన్నా ఇంకోసారి చెప్పడం వాళ్లకూ సులువే.

రాలేకపోతే వీలైనంత ముందుగా అకౌంట్‌లో రద్దు చేయండి. చివరి నిమిషమైతే ఫోన్ చేయండి. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు ఆ చోటు దక్కుతుంది. చెప్పకుండా మానేస్తే ఆ రోజు గోడ లేపడానికి నలుగురు కావలసిన చోట ముగ్గురే ఉంటారు, ఇంటి పని అంత వెనకబడుతుంది.

కాలేజీకో ఉద్యోగానికో గంటల ధ్రువపత్రం కావాలంటే వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ హాజరు నమోదు చేయడం మరచిపోవద్దు. పత్రం ఆ నమోదును బట్టే ఇస్తారు. నెలలు గడిచాక అడిగితే వెతకడం కష్టం, అదే వారంలో అడగండి. అదే అకౌంట్‌తో తర్వాతి షిఫ్టు కూడా బుక్ చేసుకోవచ్చు, ఫారం మళ్లీ మొదటి నుంచి నింపే పని ఉండదు.