ఇంగ్లీషు క్రియలు – 6వ పాఠం: ‘సే’, ‘టెల్’ గొడవ ఇంకా తేలలేదు

ఈసారి ‘స్పీక్’, ‘టాక్’ మొదలుపెడదామనుకున్నాను. కానీ పోయిన పాఠానికి మీరు పంపిన జవాబుల్లో సగానికి పైగా ‘హీ సెడ్ మీ’ కనిపించింది. కాబట్టి మళ్లీ అక్కడికే వెళ్దాం.

‘టెల్’ పక్కనే మనిషి ఉండాలి: ‘హీ టోల్డ్ మీ’. ‘సే’ పక్కన ఉండాల్సింది చెప్పిన మాట: ‘హీ సెడ్ హీ వాజ్ టైర్డ్’. అక్కడ మనిషిని తేవాలంటే ‘టు’ తప్పదు: ‘హీ సెడ్ టు మీ’. నేనైతే మనిషి ఉంటే నేరుగా ‘టోల్డ్’ వాడేస్తాను, పీడా పోతుంది. ‘టెల్ ద ట్రూత్’, ‘టెల్ ఎ లై’, ‘టెల్ ఎ స్టోరీ’ లాంటి వాటిలో మనిషి లేకపోయినా ఫర్వాలేదు. కారణం అడక్కండి, బట్టీ పట్టండి.

నాకు నిజంగా చిరాకు తెప్పించేది ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’. అర్థం చూస్తే ‘టెల్’కి దగ్గర, వాడుక మాత్రం ‘సే’ది. ‘షో మీ’, ‘గివ్ మీ’ సరైనవే కదా అని దీన్నీ ఆ గాటనే కట్టేస్తున్నారు. ‘ఎక్స్‌ప్లెయిన్ ద ప్రాబ్లమ్ టు మీ’ అనాలి. ‘సజెస్ట్ మీ ఎ నేమ్’ కాదు, ‘సజెస్ట్ ఎ నేమ్ టు మీ’. ‘డిస్క్రైబ్’, ‘మెన్షన్’, ‘అనౌన్స్’ కూడా ఇంతే. ఆఫీసు మెయిళ్లలో దీని పెద్దన్న ఒకడు తిరుగుతుంటాడు: ‘ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ ద ప్రాసెస్’. వినడానికి దర్జాగా ఉంటుంది గానీ తప్పు. వివరించింది పద్ధతిని, మిమ్మల్ని కాదు. ‘ద ప్రాసెస్ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు మీ’ అనండి. ‘ఐ వాజ్ టోల్డ్’ మాత్రం నిక్షేపంగా అనొచ్చు, ఎందుకంటే ‘టెల్’ మనిషిని నేరుగా పట్టుకుంటుంది. ‘ఐ వాజ్ సెడ్’ అనలేం. అన్నట్టు, ‘సే’కి ‘ఎస్’ చేరితే పలకాల్సింది ‘సెజ్’, ‘సేస్’ కాదు.

ఇక ‘స్పీక్’, ‘టాక్’. చాలాచోట్ల ఏది వాడినా నడుస్తుంది. భాష పేరు చెప్పేటప్పుడు మాత్రం ‘స్పీక్’: ‘షీ స్పీక్స్ తెలుగు’. ‘టాక్’ తర్వాత ‘అబౌట్’ వస్తుంది, ‘డిస్కస్’ తర్వాత రాదు.

అభ్యాసం: నిన్న మీరు ఫోన్లో మాట్లాడిన ఒక సంభాషణను ఇంగ్లీషులో పది వాక్యాల్లో రాయండి. ‘సే’, ‘టెల్’, ‘ఎక్స్‌ప్లెయిన్’, ‘సజెస్ట్’ నాలుగూ రావాలి. తర్వాత వాటిలో ఏ వాక్యాలను ‘ఐ వాజ్’తో మొదలుపెట్టి తిప్పి రాయగలరో రాయండి. కుదరని ప్రతి వాక్యం కిందా ఎందుకు కుదరలేదో తెలుగులో ఒక ముక్క రాయాలి. అది లేని జవాబులు దిద్దను.