మొక్కల కోసం ఆరడుగుల పాత అక్వేరియం కొనాలా, వద్దా: ఎలా తేల్చుకోవాలి?

బెంగళూరులో ఉద్యోగం మారి వేరే ఊరికి వెళ్లేవారు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తరచు అమ్మకానికి పెట్టే వస్తువుల్లో పెద్ద అక్వేరియం ఒకటి. ఒకప్పుడు అరొవానా అనే పెద్ద చేపను పెంచిన ఆరడుగుల ట్యాంకు, స్టాండు, మూత, ఫిల్టరుతో సహా చాలా తక్కువ ధరకు వస్తోందంటే, నీటి మొక్కల మీద ఇష్టం ఉన్నవారికి మనసు ఆగదు. అయితే ఇంత పెద్ద ట్యాంకు విషయంలో ధర చివరన చూడవలసిన సంగతి. ముందు ఇంటి నేల, తరువాత నీళ్లు, ఆపైన చేయి అందే లోతు, ఆ మూడూ కుదిరాకే గాజు, అతుకులు. ఈ వరుస పాటిస్తే చాలామందికి ట్యాంకు చూడడానికి బయలుదేరకముందే జవాబు తెలిసిపోతుంది.

1. బరువు లెక్క వేయండి

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు అంటే 24 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున సుమారు 680 లీటర్లు, అంటే నీళ్లే 680 కిలోలు. 12 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది కాబట్టి ఐదు పలకలూ కలిసి మరో 120 కిలోలు. మట్టి, రాళ్లు, స్టాండు కూడా చేరితే మొత్తం టన్నుకు కాస్త అటూ ఇటూ అవుతుంది. ఈ బరువంతా 12 చదరపుటడుగుల చోటులో, అంటే చదరపు మీటరుకు దాదాపు 900 కిలోల చొప్పున నిలుస్తుంది. మన దేశంలో నివాస గదుల స్లాబును సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల వినియోగ భారానికి, అంటే మనుషులు, సామాను వేసే బరువుకు రూపొందిస్తారు.

అంతమాత్రాన స్లాబు కూలిపోతుందని కాదు. ఆ 200 కిలోలు గది మొత్తానికి పరచి వేసిన లెక్క, ఇదేమో ఒక్కచోటే పడే బరువు. అందుకే ట్యాంకును గది నడుమ కాకుండా, కింద కాంక్రీటు దూలం ఉన్న గోడ వెంట పెట్టాలి. ఆ దూలం ఎక్కడుందో ఊహించుకోకుండా, భవనం ప్లానును ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించి తేల్చుకోవాలి. బెంగళూరు అపార్టుమెంట్లలో మొదటి అంతస్తు కింద చాలాచోట్ల నేల ఉండదు, కార్ల పార్కింగే ఉంటుంది. కాబట్టి "మాది కింది అంతస్తే కదా" అనే ధీమా పనికిరాదు. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి తీసుకోకుండా ముందుకు వెళ్లకండి.

2. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో చూడండి

ఎరువు, కార్బన్ డయాక్సైడ్ ఇచ్చి మొక్కలు పెంచే ట్యాంకులో వారానికి మూడోవంతు నుంచి సగం దాకా నీళ్లు మార్చడం పరిపాటి. ఈ ట్యాంకుకు అది 220 నుంచి 340 లీటర్లు. 2024 వేసవిలో బెంగళూరు పడిన నీటి కష్టం ఎవరూ మరిచిపోలేదు. ఆ మార్చిలో జలమండలి తాగునీటితో కార్లు కడగడాన్ని, తోటలకు పోయడాన్ని నిషేధించి 5000 రూపాయల జరిమానా ప్రకటించింది. మీ అపార్టుమెంటు వేసవిలో ట్యాంకర్ల మీద బతికేదయితే, ఇంత నీటిని వారం వారం ఒక గాజు పెట్టెకు కేటాయించడం న్యాయమా అన్నది నిజాయితీగా ఆలోచించాలి. తీసేసిన నీళ్లు మేడ మీది కుండీలకు మంచి బలమే గానీ, అంత నీరు తాగే కుండీలు ఎందరి ఇళ్లలో ఉంటాయి?

నీటి గుణం కూడా అంతే ముఖ్యం. కావేరి నీరు బోరు నీటితో పోలిస్తే మెత్తనిది, అంటే అందులో కరిగిన లవణాలు తక్కువ. బోరు నీరు చాలా ప్రాంతాల్లో గట్టిది కావడంతో ఆకుల మీద, గాజు మీద తెల్లటి పొర కడుతుంది, సుకుమారమైన ఎర్ర మొక్కలు అందులో సరిగా ఎదగవు. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను విరిచే మందు వేయడం తప్పనిసరి. వాతావరణం మాత్రం బెంగళూరులో మనకు కలిసివస్తుంది. చెన్నై వేసవిలో ట్యాంకు నీరు 30 డిగ్రీలు దాటితే మొక్కలు డీలాపడతాయి, 680 లీటర్లను చల్లబరచే యంత్రం చిన్న ఖర్చు కాదు.

3. చేయి అడుగుకు అందుతుందా?

చేపలకు లోతు అందం, మొక్కలకు అదే ఇబ్బంది. లోతు పెరిగేకొద్దీ అడుగుకు చేరే వెలుగు తగ్గుతుంది. పైగా స్టాండు మీద నిలిచిన రెండడుగుల ట్యాంకులో వెనక మూలనున్న మొక్కను కత్తిరించాలంటే స్టూలు ఎక్కి, భుజం దాకా చేయి ముంచాలి. ఈ పని ప్రతి రెండు వారాలకూ ఉంటుంది. ఎత్తు రెండున్నర అడుగులున్న ట్యాంకు ఎంత చవకగా వచ్చినా మొక్కలకు వద్దనే చెబుతాను.

4. పగటి వెలుగులో, టార్చితో చూడండి

కె.ఆర్.పురంలో ఒక ట్యాంకు చూడడానికి వెళ్లినప్పుడు గాజు తళతళలాడుతోంది, గీతలు కూడా లేవు. వంగి స్టాండు పలక అంచు చూస్తే, వెనక ఎడమ మూల కింద సున్నం పూసినట్టు సన్నని తెల్లటి చార ఒకటి కనిపించింది. గోటితో గీకితే పొడిగా రాలింది. నీరు చెమ్మలా కారి, ఎండి, మళ్లీ కారితే మిగిలే గుర్తు అది. ఆ మూలే చెక్క ఉబ్బి పొరలు విడిపోతోంది. నేను కొనలేదు.

రెండు పలకల నడుమ అతుకులో బుడగలు, పాలలాంటి తెల్లటి మచ్చలు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. పలకలను అతికించే జిగురైన సిలికాన్ లోపలి అంచును గోటితో కదిపితే ఊడిరాకూడదు. ఏళ్ల తరబడి ఖాళీగా ఎండలో పడి ఉన్న ట్యాంకును ఎక్కువ అనుమానించాలి. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ సరిగా అంటదు కాబట్టి, "పైన ఒక పూత వేస్తే చాలు" అనే మాట నమ్మవద్దు. ఈ కొలతకు గాజు 12 మిల్లీమీటర్లు ఉండి, పైన పలకలు బయటికి వంగకుండా పట్టి ఉంచే అడ్డపట్టీలు ఉండాలన్నది నా అభిప్రాయం. 8 మిల్లీమీటర్లయితే అక్కడితో ఆపేయండి. అతుకు దగ్గర గాజు పెచ్చు లేచి ఉన్నా అంతే.

రాగి కలిసిన చేపల మందులు వాడారా అని తప్పక అడగండి. ఆ రాగి కొంత ట్యాంకులో మిగిలి, తరువాత వదిలే రొయ్యలకు, నత్తలకు ప్రాణాంతకం కావచ్చు.

5. నింపి చూడనిదే డబ్బు ఇవ్వకండి

ట్యాంకు ఉన్నచోటే నిండా నీళ్లు పోయించి, చుట్టూ పాత పేపరు పరిచి, కనీసం 48 గంటలు ఉంచమని అడగండి. పేపరు మీద ఎక్కడ తడి మచ్చ కనిపిస్తే అతుకు అక్కడ పోయినట్టు. అమ్మేవారు దీనికి ఒప్పుకోకపోతే ఆ బేరం వదులుకోవడమే మేలు.

6. తరలింపు, ఆపై ఖర్చు

ఆరడుగుల ట్యాంకు మామూలు అపార్టుమెంటు లిఫ్టులో పట్టదు. మెట్ల మలుపు కొలిచి చూసుకోండి. మట్టి, నీళ్లు పూర్తిగా తీసేశాకే, అడ్డపట్టీలు పట్టుకోకుండా అడుగు పలక కింద చేతులు పెట్టి ఆరుగురు ఎత్తాలి. టాటా ఏస్‌లో కింద మందపాటి ఫోమ్ పరిచి తీసుకురావచ్చు.

చాలామంది మరిచిపోయే ఖర్చు, నీటి మొక్కల కోసం సంచుల్లో అమ్మే మట్టిది. ఈ అడుగు మీద ఆరు సెంటీమీటర్ల మందాన పరచాలంటే 67 లీటర్లు, అంటే తొమ్మిది లీటర్ల సంచులు ఏడెనిమిది కావాలి. ట్యాంకుకు ఇచ్చిన డబ్బు కంటే దీనికే ఎక్కువ కావచ్చు. అరొవానా మూతలో ఉండే లైటు మొక్కలకు చాలదు. 150 వాట్ల లైటు రోజుకు ఎనిమిది గంటలు వెలిగితే నెలకు 36 యూనిట్లు. రాత్రింబగళ్లు తిరిగే ఫిల్టర్లు 50 వాట్లయితే మరో 36. ఖర్చు తగ్గాలంటే అనూబియాస్, జావా ఫెర్న్ వంటి, మట్టిలో నాటనక్కర్లేని మొక్కలను రాళ్లకు, చెక్కలకు కట్టి, మామూలు ఇసుకతో మొదలుపెట్టవచ్చు.

ఇవన్నీ సరిపోయాక, శివాజీనగర్ రసెల్ మార్కెట్ దగ్గరి అక్వేరియం దుకాణాల్లో అదే కొలతకు కొత్త ట్యాంకు ఎంతవుతుందో అడిగి, అందులో సగానికి మించకుండా బేరమాడండి. ట్యాంకు కారుతుందని తేలినా స్టాండు గట్టిగా ఉంటే స్టాండు ఒక్కటే అడగవచ్చు. గాజు పగలకుండా అతుకు మాత్రమే పోయినదైతే, నీరు నింపే ఆలోచన మానుకుని, తడి మట్టిలో ఫెర్న్‌లు, నాచు పెంచే టెర్రేరియంగా వాడుకోవచ్చు. దానికి టన్ను బరువూ ఉండదు, వారం వారం నీళ్లు మార్చే పనీ ఉండదు.