ఫిబ్రవరిలో ప్తూయ్‌కు వెళ్లేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

స్లోవేనియా ఈశాన్య భాగంలో, ద్రావా నది ఎడమ ఒడ్డున, ఒక కోటగుట్ట పాదాలను ఆనుకొని ప్తూయ్ అనే చిన్న పట్టణం ఉంది. రోమన్ల కాలంలో దీని పేరు పోయెటోవియో. క్రీ.శ. 69లో రోమన్ సేనానాయకులు ఇక్కడే సమావేశమై, తర్వాత రోమన్ చక్రవర్తి అయిన వెస్పాసియన్ పక్షాన యుద్ధం ఎలా నడపాలో చర్చించారని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఇంత పాత ఊరిని చూడడానికి వేసవి అనువైన కాలమే అయినా, ఎక్కువ మందిని అక్కడికి రప్పించేది ఎక్కువగా ఫిబ్రవరిలో జరిగే కురెంటోవాన్యే అనే వేషాల ఉత్సవం. చలి, మంచు, జనసమ్మర్దం, తక్కువ పగటి వెలుతురు, ఈ నాలుగూ ఒకేసారి ఎదురయ్యే రోజులవి. వియన్నా, గ్రాజ్, మ్యూనిక్ వంటి నగరాల నుంచి వారాంతానికి బయలుదేరే తెలుగువారికీ, పెద్దవాళ్లను వెంటబెట్టుకొని ఇండియా నుంచి వచ్చేవారికీ పనికివచ్చే జాగ్రత్తలను ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా తేదీ సరిచూసుకోవాలి. ఈ ఉత్సవం ప్రతి ఏడూ ఒకే తేదీన రాదు. ఈస్టర్ ఆదివారానికి 47 రోజుల ముందు వచ్చే మంగళవారంతో వేషాలు ముగుస్తాయి. దానికి రెండు రోజుల ముందటి ఆదివారం నాటి ఊరేగింపుకే జనం విపరీతంగా వస్తారు. ఆ వారాంతానికి ఊళ్లో గదులు దొరకడం కష్టం కాబట్టి, సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని మరిబోర్‌లో బస చూసుకొని రైలులో రావడం మేలు. మరిబోర్ నుంచి గానీ, రాజధాని ల్యుబ్ల్యానా నుంచి గానీ వచ్చేటప్పుడు చాలా రైళ్లకు ప్రాగెర్‌స్కో స్టేషన్‌లో మారవలసి ఉంటుంది. తిరుగు ప్రయాణంలో చివరి రైలు వేళను ముందే రాసి పెట్టుకోకపోతే ఆ జంక్షన్‌లో చలిరాత్రి గడపవలసి రావచ్చు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది పాదాల సంగతి. ప్తూయ్‌లో చూడవలసినవాటిలో అధికభాగం ఆరుబయట, రాళ్లు పరిచిన వీధుల్లోనో ఏటవాలు దారిలోనో ఉన్నాయి. పగలు కరిగిన మంచు రాత్రికి మళ్లీ గడ్డకట్టి, ఎండ తగలని సందుల్లో కంటికి కనిపించని పలుచని పొరగా నిలుస్తుంది. రాయి తడిగా ఉందనుకొని అడుగు వేసినవాడు జారి పడేది అక్కడే. నున్నటి అడుగుభాగం ఉన్న క్యాన్వాస్ బూట్లు, ఆఫీసు బూట్లు ఇందుకు పనికిరావు. లోతైన గాళ్లున్న రబ్బరు అడుగుతో, చీలమండను పట్టి ఉంచే బూట్లు వేసుకోవాలి. సూట్‌కేసులో ఆవకాయ సీసాకూ వీటికీ మధ్య పోటీ వస్తే బూట్లకే చోటివ్వాలి. అరవై దాటినవారికి బూట్ల పైన తొడుక్కునే ముళ్ల పట్టీలు, ఒక చేతికర్ర ఉంటే మరీ మంచిది. ఒంటిని అంటుకొని ఉండే పొర కాటన్‌ది కాకుండా చూసుకోవాలి. గుట్ట ఎక్కేటప్పుడు పట్టిన చెమటను కాటన్ పీల్చుకొని, పైకి చేరి నిలబడగానే వణుకు పుట్టిస్తుంది. ఉన్ని బనియను ఈ విషయంలో నమ్మదగినది.

నడక ఎటు నుంచి ఎటు సాగాలన్నది కూడా జాగ్రత్తలో భాగమే. ఉదయం వీధులు ఇంకా గడ్డకట్టి ఉన్నప్పుడు గుట్ట ఎక్కకుండా, సమతలంగా ఉన్న స్లోవెన్‌స్కీ తర్గ్ అనే కూడలితో మొదలుపెట్టడం మంచిది. అక్కడ నిలిచి ఉన్న దాదాపు 5 మీటర్ల ఎత్తు పాలరాతి ఫలకం 2వ శతాబ్దం నాటిది. ఆ ఊరి పాలకుడు మార్కస్ వలేరియస్ వేరస్ సమాధి కోసం చెక్కించినది. వీణ వంటి వాద్యాన్ని వాయిస్తూ జంతువులను మైమరపించే ఆర్ఫియస్ అనే గ్రీకు పురాణ గాయకుడు దాని మీద కనిపిస్తాడు. భార్యను తిరిగి తెచ్చుకోవడానికి పాతాళ రాజు ఎదుట నిలిచిన ఘట్టం దాని కింద ఉంటుంది. మధ్యయుగంలో ఈ ఫలకాన్నే నేరస్థులను కట్టివేసే కంబంగా వాడారు. సమాధిరాయికి ఇంతకంటే విచిత్రమైన బతుకు ఉంటుందా? పక్కనే ఉన్న గంటస్తంభం గోడల్లో రోమన్ కాలపు శిల్పశకలాలను సైమన్ పోవోడెన్ అనే మతాధికారి 1830లో పొదిగించాడు. వాటిని చూడడానికి మెడ పైకెత్తి వెనక్కి అడుగులు వేయడం చాలామంది చేసే పొరపాటు. ఆగి చూడాలి, చూశాక నడవాలి.

మధ్యాహ్నం ఎండ పడ్డాక కోటకు ఎక్కవచ్చు. 12వ శతాబ్దంలో సాల్జ్‌బర్గ్ ఆర్చిబిషప్పుల ఆధిపత్యం కింద వెలసిన ఈ కోట ప్తూయ్ ప్రభువుల వంశం 1438లో అంతరించాక పలువురి చేతులు మారి, 1945 వరకు హెర్బర్‌స్టైన్ కుటుంబం వద్ద ఉండి, ఇప్పుడు మ్యూజియంగా ఉంది. వాద్యాల సేకరణ, ఉత్సవ వేషాల గది లోపల ఉండడం వల్ల ఒంటికి కాస్త వెచ్చదనం దొరుకుతుంది. ఫిబ్రవరిలో అయిదున్నరకల్లా చీకటి పడుతుంది కాబట్టి నాలుగున్నరకే దిగుదల మొదలుపెట్టాలి. ఎక్కడం కన్నా దిగడమే ప్రమాదకరం. నది అవతలి ఒడ్డున రోమన్ల కాలంలో కొలిచిన మిత్రా అనే దేవుడి భూగర్భ ఆలయాల శిథిలాలు ఉన్నాయి. వాటి తలుపులు ఎప్పుడూ తెరిచి ఉంటాయని అనుకోకుండా మ్యూజియం వారిని ముందే సంప్రదించి వెళ్లాలి.

ఉత్సవానికి ప్రాణం కురెంట్ అనే వేషం. గొర్రెతోలు దుస్తులు, ఈకలో కొమ్ములో అమర్చిన ముసుగు, నడుముకు బరువైన గంటలు, చేతిలో హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్లజంతువు తోలు చుట్టిన కర్ర దాని లక్షణాలు. చలికాలాన్ని తరిమి, వసంతాన్ని పిలవడానికి వీరు ఫిబ్రవరి 2 నుంచి ఇంటింటికీ తిరుగుతారు. సంక్రాంతికి మన వాకిట్లోకి వచ్చే గంగిరెద్దులవారిని, హరిదాసులను తలచుకుంటే ఈ ఆచారంలోని ఆత్మీయత మనకు సులువుగానే అర్థమవుతుంది. ఇంటింటికీ తిరిగే ఈ ఆచారాన్ని యునెస్కో 2017లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 1960లో మొదలైన ఊరేగింపులో పదుల సంఖ్యలో కురెంట్‌లు ఒకేసారి ఎగిరినప్పుడు గంటల హోరు చెవులకు భరించరానిదిగా ఉంటుంది. పసిపిల్లలకు చెవులు కప్పే రక్షణ తప్పనిసరి, లేకపోతే వారిని ముందు వరుసకు తీసుకుపోరాదు. ముసుగు చూసి జడుసుకునే పిల్లలకు కోటలోని వేషాల గదిని ముందురోజే చూపిస్తే సగం భయం పోతుంది. ఆ ముళ్ల కర్ర అందేంత దగ్గరగా నిలబడకూడదు, అడగకుండా ముసుగును గానీ గంటలను గానీ తాకకూడదు. జనంలో పర్సు, పాస్‌పోర్టు లోపలి జేబులో ఉంచుకోవాలి. తప్పిపోతే కలుసుకోవలసిన చోటుగా గంటస్తంభాన్ని ముందే చెప్పి పెట్టుకోవాలి.

నది విషయంలో భయం ఉండాలి, కాని సరైన భయం ఉండాలి. ద్రావా ఆల్ప్స్ మంచు నీటితో పారే నది కావడం వల్ల ఫిబ్రవరిలో సాధారణంగా సన్నగానే ఉంటుంది. 2012 నవంబరులో వచ్చిన పెద్ద వరద శరదృతువు వానల ఫలితం. శీతాకాలంలో అసలు ముప్పు జారుడు ఒడ్డు, ఒంటిని కొయ్యబార్చే నీరు. ఊరికి దిగువన ఉన్న ప్తూయ్ సరస్సు జలవిద్యుత్ కేంద్రం కోసం 1978లో కట్టిన జలాశయం. నీటి మట్టం మారుతూ ఉండడం వల్ల అంచున గడ్డకట్టిన మంచు కింద ఖాళీ ఏర్పడి ఉండవచ్చు కాబట్టి ఎంత గట్టిగా కనిపించినా దాని మీద కాలు పెట్టరాదు. చలికాలపు నీటిపక్షులను గట్టు మీద నుంచే చూడవచ్చు.

ఆదివారం పెద్ద దుకాణాలు చట్టప్రకారం మూసి ఉంటాయి. శాకాహారులు శనివారమే రొట్టె, పండ్లు, పెరుగు కొని పెట్టుకోవాలి. వీధిలో అమ్మే జామ్ నింపిన క్రోఫీలు అనే గుండ్రటి పిండివంటను కొన్నిచోట్ల పందికొవ్వులో వేయిస్తారు కాబట్టి అడిగి తినాలి. మందులు సూపర్‌మార్కెట్లో దొరకవు, లెకార్నా అనే మందుల షాపులోనే దొరుకుతాయి. రోజూ వాడే బీపీ, షుగర్ మాత్రలను చీటీతో సహా వెంట తెచ్చుకోవాలి. అత్యవసరానికి 112కు, పోలీసులకు 113కు ఫోన్ చేయాలి. షెంగెన్ వీసాకు వెళ్లేవారి బీమా కనీసం 30,000 యూరోల వైద్యఖర్చును భరించేదిగా ఉండాలి. జారిపడి ఎముక విరిగిన సందర్భం అందులో ఉందో లేదో చదివి చూసుకోవాలి.

కారులో వచ్చేవారు నవంబరు 15 నుంచి మార్చి 15 వరకు శీతాకాలపు టైర్లు తప్పనిసరి అని, మోటార్‌వే ఎక్కే ముందే ఎలక్ట్రానిక్ విన్యెట్ (రోడ్డు సుంకం చెల్లించిన అనుమతి) కొనాలని గుర్తుంచుకోవాలి. వేడి వైన్ ఊరంతా పొగలు కక్కుతున్నా, బండి నడిపేవారు దాన్ని ముట్టకూడదు.

వీలున్నవారు ఒక రోజు అదనంగా ఉండి, వేషాలు ముగిసిన మర్నాడు బుధవారం పొద్దెక్కాక, ఆర్ఫియస్ ఫలకం దగ్గరికి తిరిగి వెళ్లాలి. మ్యూజియం వేళలు ఆ రోజు మారి ఉండవచ్చు కాబట్టి వాటిని మంగళవారమే చూసుకోవాలి. రాత్రి ఒలికిన పానీయాలు రాళ్ల మీద గడ్డకట్టి ఉంటాయి కాబట్టి ఆ ఉదయం మరింత నెమ్మదిగా నడవాలి.