రాత్రిపూట షుగర్ గుర్తులు ఎలా కనిపెట్టాలి?

మా ల్యాబ్‌కి పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లని సూది గుచ్చేలోపే అడుగుతాను, "రాత్రి ఎన్నిసార్లు లేచారు?" అని. "వయసైపోతోంది కదమ్మా, మామూలే" అంటారు చాలామంది.

ఎన్నిసార్లు లేచారన్నదే కాదు, ఎంత పోశారో కూడా గమనించండి. షుగర్ వల్లయితే ప్రతిసారీ ధారాళంగా వస్తుంది. రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 దాటితే కిడ్నీలు దాన్నంతా ఆపలేవు. మూత్రంలోకి జారిన చక్కెర నీళ్లని కూడా లాక్కుపోతుంది. అందుకే నాలుక పిడచకట్టుకుపోయి, తలగడ పక్కన పెట్టుకున్న చెంబు తెల్లారేసరికి ఖాళీ అవుతుంది. లేవాల్సి వస్తోందని నీళ్లు మానేయకండి. అలాకాక కొంచెం కొంచెంగా, ముక్కితేగానీ రాకపోతే మగవాళ్లలో ప్రోస్టేట్ (మూత్రసంచి కింద ఉండే గ్రంథి) సంగతి కావొచ్చు. పొద్దుపోయాక తాగే టీ, సాయంత్రం వేసుకునే కొన్ని బీపీ మాత్రలు కూడా లేపుతాయి. టీ మానేసి చూడండి. మాత్రని మాత్రం డాక్టర్ని అడక్కుండా కదపొద్దు.

పడుకోగానే అరికాళ్లు మండటం, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం ఇంకో గుర్తు. బీ12 విటమిన్ తగ్గినా ఇలాగే ఉంటుంది కాబట్టి రెండూ చూపించుకోండి. ఒకావిడ భర్తని బయటికి పంపి మరీ చెప్పింది: రాత్రయితే కింద ఒకటే దురద, మెడికల్ షాపు క్రీము రాస్తే తగ్గి మళ్లీ వస్తోందని. అలా తిరగబెట్టే దురదకి క్రీము మార్చడం కాదు, షుగర్ చూసుకోవాలి.

ఇప్పటికే ఇన్సులిన్‌గానీ షుగర్ మాత్రలుగానీ వాడేవాళ్లకి నడిరాత్రి చెమటలు పట్టి, గుండె దడదడలాడితే షుగర్ పడిపోయిందేమో అనుకోవాలి. మీటర్‌లో 70 కన్నా తక్కువుంటే మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకి మళ్లీ చూసుకోండి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏదీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

గుర్తులు కనిపించాయని షుగర్ ఖాయం కాదు. అవేమీ లేకుండానే ఉన్నవాళ్లూ బోలెడు. ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ల్యాబ్‌లో చేయించిన పరీక్షలో 126, లేదా హెచ్‌బీఏ1సీలో (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.5 శాతం, ఆపైన వస్తే షుగర్ కిందే లెక్క. సాధారణంగా ఇంకోసారి చేసి ఖాయం చేస్తారు. పరగడుపున 100 నుంచి 125 వస్తే బోర్డర్. ముప్పై దాటినవాళ్లకి ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చూస్తారు.

పిల్లల సంగతి వేరు. పక్క తడపడం ఎప్పుడో మానేసిన బిడ్డ మళ్లీ తడుపుతూ, చిక్కిపోతూ, నీళ్లు నీళ్లంటుంటే రేపటి పరగడుపు దాకా ఆగొద్దు, ఆ రోజే చూపించండి. వాంతులు, ఆయాసం కూడా ఉంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.