చెయ్యి వణికిన రోజు కలంకారీ పని ఎలా చెయ్యాలి

శ్రీకాళహస్తి కలంకారీలో, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసే పనిలో, గీత గియ్యాలంటే భయం ఊరికే పుట్టదు. కరక్కాయ పొడి, గేదెపాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద కసిమి (తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టి చేసే సిరా) పడిందంటే చూస్తుండగానే నల్లబడుతుంది. కసిమిలోని ఇనుము, కరక్కాయలోని వగరు కలిసి పుట్టే నలుపు అది. ఉతికినా పోదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు కలం పట్టుకుని, "నాకిది రాదేమో" అని టెన్షన్ పడేది అక్కడే.

నా దగ్గరకొచ్చే పిల్లలకి ఒకటే చెబుతాను: అలాంటి రోజు పని మానొద్దు, పని మార్చండి. ధైర్యం అక్కర్లేని పనులు మనకి బోలెడు. వెదురుపుల్ల చెక్కి, మొన కాస్త వదిలి పైన ఉన్ని చుట్టి, దారంతో బిగించి కొత్త కలం చేసుకోండి. కసిమి కుండ ఎంతవరకు నానిందో చూడండి. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో బొమ్మ వెయ్యండి, నచ్చకపోతే దులిపెయ్యొచ్చు.

ఆ తర్వాత చిన్న ముక్క మీద అంచుగీత ఒక్కటే సాధన చెయ్యండి. ఉన్నిని వేళ్లతో నొక్కితే కసిమి దిగుతుంది. గట్టిగా నొక్కితే మరక, మెత్తగా నొక్కితే గీత తెగుతుంది. ఇందులో టాలెంట్ ప్రసక్తే లేదు, వేళ్లకి అలవాటు కావాలంతే.

"అసలు ఎందుకు వెయ్యాలి?" అనే దిగులు ఇంకా లోతైనది. మన పాత గుడ్డల్లో బొమ్మల కింద తెలుగులో కథ రాసి ఉంటుంది. అవి గుడికొచ్చినవాళ్లకి కథ చెప్పే గుడ్డలు. కాబట్టి మీ బొమ్మ పక్కింటి పెద్దావిడకి చూపించి, "ఇందులో ఏం జరుగుతోందమ్మా?" అని అడగండి. "హనుమంతుడు సముద్రం దాటుతున్నాడు కదా" అని ఆవిడ టక్కున అందంటే, వంద "సూపర్"లకన్నా నాకు ఆ మాటే గొప్ప.

ప్రోత్సాహం కావాలంటే నోరు తెరిచి అడగాలి. ఈ కళకే ఒకప్పుడు ఆసరా కావాల్సి వచ్చింది. చేతిపనులని బతికించడానికి పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ పూనుకుంటేనే 1950ల్లో ఇక్కడ శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చింది. అలా ఈ కళ నిలిచింది, 2008లో కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి పద్మశ్రీ కూడా వచ్చింది. మీకన్నా కాస్త ముందున్నవాళ్ల దగ్గరకి వెళ్లండి. "బాగుందా?" అని మాత్రం అడగొద్దు. "ఈ మోచేతి దగ్గర గీత ఎందుకు లావైంది?" అనండి. కలం మీ చేతిలోంచి తీసుకుని గీసి చూపిస్తారు.

సాధన ముక్కలు పారెయ్యకుండా వెనక తేదీ వేసి దాచండి. రెండు నెలలకోసారి పక్కపక్కన పరిచి అంచుగీతలు పోల్చుకోండి.